తుంటి ఆపరేషన్‌కు ముందే రక్తప్రసరణ ఎందుకు చూడాలి?

పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు కొందరు కుంటుతూ వస్తారు. నొప్పెక్కడంటే మోకాలు చూపిస్తారు. మోకాలి ఎక్స్‌రేలో ఏమీ ఉండదు. అసలు తేడా తుంటిలో ఉంటుంది. ఎదిగే వయసులో, ముఖ్యంగా బరువెక్కువున్న పిల్లల్లో, తొడ ఎముక తల దాని మెడ మీద నుంచి వెనక్కి, కిందికి జారుతుంది. స్క్రూ వేయాలంటారు డాక్టర్లు. దానికి ముందు ఎంఆర్‌ఐ కూడా అంటే ఖర్చు పెంచుతున్నారేమోనని తల్లిదండ్రులకు అనుమానం వస్తుంది. ఆ స్కాన్ ఎందుకో విడమరచి చెప్పాల్సిందే.

తుంటికే ఎందుకింత జాగ్రత్త?

పిల్లల్లో తలకూ మెడకూ మధ్య మృదులాస్థితో ఏర్పడిన ఎదుగుదల పలక ఉంటుంది. మెడలోని రక్తనాళాలు దాన్ని దాటి తలలోకి పోలేవు. తుంటి గిన్నె వైపు నుంచి వచ్చే నాళం ఇచ్చేది కొద్దిపాటి రక్తమే. ఇక మిగిలినవి మెడ వెనక, పైభాగంలో ఎముకను అంటిపెట్టుకుని పాకే సన్నటి నాళాలు. ఒకే బాట ఉన్న ఊరిలాంటిది ఆ తల. తల జారినప్పుడు ఆ నాళాలు సాగిపోవచ్చు, మెలిపడొచ్చు, తెగిపోవచ్చు. కీలులో రక్తం చేరితే ఆ ఒత్తిడికీ నలుగుతాయి. రక్తం అందని ఎముక చనిపోయి, నెలల తరబడి నడక బరువు మోసి కుంగిపోతుంది.

ఎక్స్‌రే చాలదా?

చాలదు. ఎక్స్‌రేలో కనిపించేది కాల్షియం. చచ్చిన ఎముకలోనూ అది మొదట్లో అలాగే ఉంటుంది. తేడా బయటపడేసరికి వారాలు, నెలలు గడిచిపోతాయి.

మరి ఎలా తెలుస్తుంది?

మొదటి పరీక్షకు యంత్రమే అక్కర్లేదు. చంకకర్రల సాయంతోనైనా పిల్లాడు ఆ కాలు మోపగలడా? 1993లో లోడర్ బృందం ప్రచురించిన లెక్కలో, అలా మోపలేని 30 తుంట్లలో 14 తర్వాత దెబ్బతిన్నాయి. మోపగలిగినవాటిలో ఒక్కటీ దెబ్బతినలేదు. ఒక్క ప్రశ్నకు ఇంత విలువ ఉంది.

తర్వాత కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ. ముందొకసారి బొమ్మలు తీస్తారు. చేతి నరానికి గెడోలినియం మందు ఎక్కించి మళ్లీ తీస్తారు. మొదటి బొమ్మను రెండోదాని నుంచి కంప్యూటర్ తీసేస్తే, రక్తం పారే చోటు తెల్లగా వెలుగుతుంది, పారని చోటు నల్లగా మిగులుతుంది. కిడ్నీ జబ్బుంటే ముందే చెప్పాలి. కదలకుండా పడుకోలేని చిన్నపిల్లలకు మత్తు అవసరం కావచ్చు.

తెలిస్తే ఏం మారుతుంది?

చాలా మారుతుంది. కాలు మోపగలిగే పిల్లాడికి తలను కదపకుండా ఉన్నచోటే స్క్రూ వేయడం మంచిది. బలవంతంగా లాగి సరిచేస్తే మిగిలిన నాళాలూ పోవచ్చు. తల బాగా జారిపోతే, నాళాలను కాపాడుతూ కీలును తెరిచే పద్ధతి ఉంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ సర్జన్ గాంజ్ బృందం 2001లో దాన్ని ప్రచురించింది. ఆపరేషన్ మధ్యలో తలకు సన్నటి రంధ్రం వేసి, రక్తం ఊరుతోందా అని సర్జన్ కళ్లారా చూసుకుంటాడు. రక్తం తక్కువని ముందే తెలిస్తే టైటానియం స్క్రూ అడగొచ్చు. స్టీలుతో పోలిస్తే అది తర్వాతి ఎంఆర్‌ఐని తక్కువ చెడగొడుతుంది.

స్కాన్ దొరికేదాకా ఆగాలా?

కాలు అసలు మోపలేని పిల్లాడి విషయంలో వద్దు. స్కాన్ వెంటనే అందకపోతే ఆపరేషన్‌నే ముందుకు జరపాలి. ఈలోగా నడిపించొద్దు, నూనెతో మర్దన చేయించొద్దు, కట్టు కట్టేవాళ్ల చేత కాలు లాగించొద్దు. మంచంమీదే ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్లండి.