వెనక నిలబడి వాయించినవాడు

సాహిత్య పత్రికలో రాక్ సంగీతకారుడి గొడవెందుకని మిత్రులు అడగవచ్చు. మన విమర్శకు సంబంధం ఉంది కనుకనే రాస్తున్నాను. చాలా ఏళ్ళపాటు కథలను సమీక్షిస్తూ నేను మెరిసే వాక్యాల కిందే గీతలు గీశాను. ఆ మెరుపుకు ముందు నాలుగు పేజీలు కథను నిలకడగా నడిపిన గద్యాన్ని ‘సాదా’ అని ఒక్కమాటలో తేల్చేశాను. ఆ తీర్పును నేను తిరిగి ఆలోచించుకునేలా చేసినవాడు ఏసీడీసీ బృందంలో రిథం గిటార్ వాయించిన మాల్కం యంగ్.

మాల్కం 1953లో గ్లాస్గోలో కార్మిక కుటుంబంలో పుట్టాడు. 1963లో ఆ కుటుంబం సిడ్నీకి వలసపోయింది. చదువు మానేశాక అతను ఆడవాళ్ళ లోదుస్తుల కర్మాగారంలో కుట్టుమిషన్లు బాగుచేసే పనిలో చేరాడు. 1973లో బృందం కట్టినప్పుడు దాని పేరూ కుట్టుమిషను మీదనుంచే వచ్చింది. అక్క మార్గరెట్ మిషను మీద ఆ అక్షరాలు చూసింది. తొలిరోజుల్లో సోలోలు మాల్కం కూడా వాయించేవాడు. తర్వాత ఆ పని తమ్ముడు ఆంగస్‌కు వదిలేశాడు. ఆంగస్ బడిపిల్లవాడి దుస్తుల్లో వేదికంతా పరుగులు తీస్తుంటే, అన్న డ్రమ్ముల పక్కన నిలబడేవాడు. వంత పాడవలసినప్పుడు మైకు దగ్గరకు వచ్చి, పాడి, మళ్ళీ తన చోటికి పోయేవాడు.

రిథం గిటార్ పని పాటను మోయడం. బుర్రకథలో వంతలు లేకుండా కథకుణ్ణి ఊహించుకోండి, కొంత అర్థమవుతుంది. అయితే మాల్కం కేవలం తోడు వాయించినవాడు కాడు. పాటలు కట్టడంలో, బృందాన్ని నడపడంలో అతని మాటే ముందుండేది. మందమైన తీగలు, గట్టి మీటు. అందరూ ఆంప్లిఫయర్లో ధ్వనిని మరింత గరగరలాడిస్తుంటే, అతను ఆ గరగరను తగ్గించి ప్రతి తీగా విడిగా వినిపించేలా చేశాడు. తన పాత గ్రెట్ష్ గిటారులో అక్కరలేదనుకున్న పికప్‌లు పీకేసి, ఒక్కదాన్నే ఉంచుకున్నాడు. ఆ ఖాళీ గుంతలు అలాగే కనిపించేవి. కుట్టుమిషన్ల మెకానిక్కు బుద్ధి ఎక్కడికి పోతుంది!

1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. అదే ఏడాది జూలైలో కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటి. అందులో ఆ పేరుగల పాట వినండి. మీటు పడుతుంది, ఆగుతుంది. ఆ ఆగిన చోట డ్రమ్ము ఒక్కటే నడుస్తుంది. తీగను మోగించడం ఎంత పనో, సరిగ్గా సమయానికి దాని నోరు మూయడమూ అంతే పని. కథకులు ఈ రెండో పని గురించి ఆలోచించాలి.

ఈ సంగీతాన్ని నేను అభ్యుదయ కళ అనడం లేదు. ఇది కోట్ల డాలర్ల వ్యాపారం. పాటల్లో స్త్రీని చూపిన తీరు చాలాచోట్ల నాకు రోత పుట్టించింది. శ్రమజీవుల ఇంట పుట్టినంత మాత్రాన చైతన్యం దానంతటదే రాదు. అయినా పనివాడి పనితనాన్ని చూడకపోవడం కూడా ఒక గుడ్డితనమే.

1988లో తాగుడు మానడానికి మాల్కం పర్యటన మధ్యలో తప్పుకున్నాడు. అతని చోట అన్న కొడుకు స్టీవీ వాయించాడు. మనిషి మారిన సంగతి చాలామంది ప్రేక్షకులు గుర్తించనేలేదంటారు. ఇది మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను, ఇప్పుడు నవ్వు రావడం లేదు.

2008లో మొదలైన పర్యటన నాటికే అతనికి జ్ఞాపకం సడలుతోంది. తాను కట్టిన వరుసలనే మళ్ళీ నేర్చుకుని వేదిక ఎక్కాడు. చిత్తవైకల్యమని కుటుంబం 2014లో ప్రకటించింది. 2017 నవంబరు 18న, 64వ ఏట మరణించాడు. ఆ చివరి పర్యటన రికార్డింగులు నేను చాలాసార్లు విన్నాను. ఎక్కడ తడబడ్డాడో పట్టుకుందామని చూశాను. దొరకలేదు.