మీకు తెలుసా? అసలు పోర్షేని అయస్కాంతం పట్టిస్తుంది!

1954లో వచ్చిన పోర్షే 356 స్పీడ్‌స్టర్ అంటే పాత కార్ల ప్రియులకు ప్రాణం. అసలు కారు అందరికీ అందేది కాదు. అందుకే ఫైబర్‌గ్లాస్ బాడీ కిట్లు పుట్టుకొచ్చాయి. చాలామంది వాటిని ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఛాసిస్ మీద బిగించుకున్నారు. మరి తేడా పట్టేదెలా?

• అయస్కాంతం: మామూలు స్పీడ్‌స్టర్ బాడీ ఉక్కుది. ఫైబర్‌గ్లాస్‌కి అయస్కాంతం అతుక్కోదు. అయితే పుట్టీ మందంగా పెట్టిన ఉక్కు మీదా అది నిలవదు, నాలుగైదు చోట్ల పెట్టి చూడాలి.

• అతుకు: బీటిల్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,400 మి.మీ., పోర్షేది 2,100. అందుకే ఛాసిస్‌ను దాదాపు 300 మి.మీ. మేర కోసి వెల్డింగ్ చేసేవారు. కార్పెట్ ఎత్తితే ఫ్లోర్ రేకు మీద అడ్డంగా ఆ అతుకు కనిపిస్తుంది.

• వయసు: ముందు సస్పెన్షన్‌లో కింగ్‌పిన్‌లుంటే ఆ బీటిల్ సాధారణంగా 1965 మోడల్ లేదా అంతకు ముందుది. బాల్ జాయింట్లు వచ్చింది 1966 మోడల్ నుంచి.

• నంబరు: బీటిల్ ఛాసిస్ నంబరు వెనక సీటు ఉండే చోట, దాని కింద చెక్కి ఉంటుంది.

పాత కిట్ కారు కొంటున్నారా? పెయింట్ మెరుపు చూసి మురిసిపోకుండా, ముందు ఆ నంబరును రిజిస్ట్రేషన్ కాగితాలతో సరిచూసుకోండి.