మీడియావికీ స్థానిక స్థాపన

మీడియావికీని సొంత కంప్యూటరులోనే స్థాపించుకొని, మార్పులను పరీక్షించే పద్ధతిని స్థానిక స్థాపన అంటారు. మీడియావికీ, వికీపీడియాను నడిపే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇది పీహెచ్‌పీ భాషలో వ్రాయబడినది.

స్థాపన

మూలసంకేతాన్ని గిట్ ద్వారాను, అవసరమైన లైబ్రరీలను కంపోజర్ ద్వారాను దించుకోవాలి. డేటాబేసుగా ఎస్‌క్యూలైట్, సర్వరుగా పీహెచ్‌పీలోని అంతర్గత సర్వరు పరీక్షలకు సరిపోతాయి. స్థాపన ముగిసిన పిమ్మట ఏర్పడే లోకల్‌సెట్టింగ్స్ ఫైలులో భాషను తెలుగుగా నిర్దేశించాలి. ఆపై అంతర్జాలం లేకున్నా వికీ పనిచేస్తుంది.

ఉదాహరణ

2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడే వరకు వికారాబాదు, తాండూరు పట్టణాలు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ఇటువంటి వ్యాసాలలో జిల్లా పేరును బాటుతో ఒక్కసారిగా మార్చితే, "పూర్వం రంగారెడ్డి జిల్లాలో ఉండేది" అనే చారిత్రక వాక్యం కూడా మారిపోయి తప్పవుతుంది. మహబూబ్ నగర్ జిల్లా నుండి వచ్చి చేరిన కొడంగల్ వ్యాసం మాత్రం మారకుండా మిగిలిపోతుంది.

కావున ఆయా పేజీలను మూసలతో సహా ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఎగుమతి చేసి, స్థానిక వికీలోకి దిగుమతి చేసుకొని, బాటును ముందుగా అక్కడ నడపాలి. పార్సర్‌ఫంక్షన్స్ పొడిగింపును చేర్చనిదే అనేక మూసలు సరిగా కనిపించవు. పేజీ చరితంలో తేడాలను సరిచూసిన తరువాతనే అసలు వికీలో మార్పులు చేయాలి.