ప్రార్థన చేసి వచ్చేశాము, మళ్లీ ఆ గుమ్మం తొక్కామా?



సంఘములో ఎవరైనా కొత్తగా దుకాణం తెరిస్తే, పాస్టర్లమైన మేము వెళ్లి ప్రార్థిస్తాము, రిబ్బను కత్తిరించి, టీ తాగి వస్తాము. ఏడాది తిరగకుండా అది మూతపడితే ఆదరణ ప్రార్థనకు మళ్లీ వెళ్తాము. ఈ రెండు ప్రార్థనల మధ్య ఆ గుమ్మం ఎన్నిసార్లు తొక్కామని అడిగితే మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ వారం అమెరికాకు చెందిన ఒక నల్లజాతి సహోదరిని గుర్తు చేయాలనుకున్నాము.

ఆమె సారా బ్రీడ్‌లవ్. లోకం ఎరిగిన పేరు మేడమ్ సి. జె. వాకర్. 1867లో లూసియానా రాష్ట్రంలో, బానిసత్వం నుండి విడుదలైన తల్లిదండ్రులకు పుట్టింది. ఏడేళ్లకే అనాథ, ఇరవై ఏళ్లకే విధవరాలు. చిన్న కూతురితో సెయింట్ లూయిస్ నగరం చేరి, బట్టలుతికి బ్రతికింది. అక్కడ సెయింట్ పాల్ ఆఫ్రికన్ మెథడిస్ట్ సంఘములోని స్త్రీలు ఆమెను చేరదీశారు.

ఆమెకు జుట్టు రాలిపోయే బాధ ఉండేది. మొదట ఆనీ మలోన్ అనే నల్లజాతి వ్యాపారవేత్త సరుకు అమ్మి పని నేర్చుకుంది. 1906 నుండి తన సొంత లేపనం తయారుచేసి ఇంటింటికీ, సంఘాలకూ తిరిగి, తలకు ఎలా వాడాలో చేసి చూపించి అమ్మింది. తర్వాత వేలమంది నల్లజాతి స్త్రీలకు ఆ పని నేర్పింది. ఇతరుల ఇళ్లలో చాకిరీ తప్ప దారి లేని వారికి అది సొంత సంపాదన అయింది.

అయితే ఆమె వారే ఆమెను వెంటనే గుర్తించలేదు. బుకర్ టి. వాషింగ్టన్ 1900లో నల్లజాతి వ్యాపారుల కోసం ఒక జాతీయ సమాఖ్యను స్థాపించారు. 1912లో షికాగోలో జరిగిన దాని మహాసభలో ఆమెకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ఆమె తానే లేచి నిలబడి, పత్తి చేలలో మొదలైన తన ప్రయాణాన్ని సభకు చెప్పింది. మరుసటి ఏడాది అదే సభ ఆమెను వక్తగా పిలిచింది. 1917లో ఆమె తన ఏజెంట్లను ఫిలడెల్ఫియాలో సమావేశపరచి, ఎక్కువ అమ్మినవారితో పాటు ఎక్కువ దానం చేసినవారికి కూడా బహుమతులిచ్చింది.

ఇందులో మనం గ్రహించవలసినది ఒకటే. నైపుణ్యం దేవుడు ఒక మనిషి చేతిలో పెడతాడు, కాని ఆ నైపుణ్యం జీవనోపాధిగా నిలబడడానికి పదిమంది కావాలి. కొనేవారు, లోపం ఉంటే ప్రేమతో చెప్పేవారు, మరొకరికి పరిచయం చేసేవారు కావాలి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో పౌలు, అకుల, ప్రిస్కిల్ల ఒకే వృత్తివారు గనుక కలిసి డేరాలు కుట్టారు. ఆ ఇల్లే పరిచర్యకు ఆసరా అయింది.

మన సంఘాలలో అనేకులకు తాతల నాటి వ్యాపార బంధువర్గం లేదు. కులం అడిగి, కొనకుండా వెళ్లిపోయేవారు నేటికీ ఉన్నారు. అలాంటివారికి సంఘమే బంధువర్గం కాకపోతే ఇంకెవరు అవుతారు?

సంఘమును సంతగా మార్చమని మేము చెప్పడం లేదు. ప్రభువు దేవాలయంలో వర్తకుల బల్లలు పడద్రోసిన సంగతి మరువరాదు. మనుషులను చేర్పిస్తే చాలు డబ్బు వస్తుందనే గొలుసు పథకాలను సంఘములోనికి రానివ్వకండి. నాసిరకం సరుకును విశ్వాసి అమ్ముతున్నాడని మెచ్చుకోకండి.

చేయదగినది చిన్నదే. టైలరింగ్ చేసేవారు, పచ్చళ్లు పెట్టేవారు, వడ్రంగులు, సెల్‌ఫోన్లు బాగుచేసేవారు మీ సంఘములో ఎవరెవరున్నారో రాసుకోండి. నెలకోసారి వారిని ఒకచోట కూర్చోబెట్టండి. సరుకు ఎక్కడ చవకగా దొరుకుతుందో, లెక్క ఎలా రాయాలో ఒకరికొకరు చెప్పుకుంటారు. క్రిస్మస్ బట్టలు కుట్టించేటప్పుడు వెనుక వరుసలో కూర్చునే ఆ సహోదరిని ముందు అడగండి. కూలి తగ్గించమని మాత్రం అడగకండి. విశ్వాసి గనుక ఉచితంగా చేయమనడం సహవాసం కాదు.

మేమూ ఈ ఆదివారం నుండి అలాగే మొదలుపెడుతున్నాము. ప్రార్థించిన గుమ్మాన్ని మళ్లీ తొక్కే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.