ఆయాసమును కొలుచు ప్రశ్నలు

గని కార్మికుని ఊపిరితిత్తులు ఎంత గాలిని ఊదగలవో స్పైరోమీటరు చెప్పును. కాని మెట్లెక్కునపుడు అతనికెంత ఆయాసము కలుగుచున్నదో అతడొక్కడే చెప్పగలడు. అందుకే వైద్యులు ప్రశ్నావళిని వాడుదురు. అదియు ఒక కొలబద్దయే. అది వంకరైనచో కొలతయు వంకరే.

ఇట్టి ప్రశ్నలు బొగ్గుగనుల నడుమనే పెరిగినవి. 1945లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి వేల్సులోని కార్డిఫ్ సమీపమున, బొగ్గుధూళి వలన కలుగు ఊపిరితిత్తుల వ్యాధిని శోధించుటకు ఒక కేంద్రమును నెలకొల్పినది. దాని తొలి అధిపతి చార్లెస్ ఫ్లెచర్. కొద్దిపాటి ఎత్తు ఎక్కునపుడు వచ్చు ఆయాసము మొదలు బట్టలు వేసికొనునపుడు సైతము వచ్చు ఆయాసము వరకు ఆయన మెట్లు ఏర్పరచెను. మండలి తన ప్రశ్నావళిని 1960లో ప్రకటించినది.

ఆ ప్రశ్ననే గోదావరిఖనిలో అడిగితిమనుకొనుడు. ఇంక్లైనులో నిత్యము దిగి ఎక్కువానికి “కొద్దిపాటి ఎత్తు” అనగా ఎంత? మరి “శ్వాసకష్టము” అన్నచో పుస్తకపు మాట. ఇక్కడివారు “దమ్ము వస్తున్నది” అందురు. (దమ్మనగా ధైర్యమనియు, బీడీ పీల్పనియు అర్థములున్నవి సుమా!)

ఒకే బాధకు పలు ప్రశ్నావళులున్నపుడు ఏది మేలు? వానిపై జరిగిన పరిశోధనలన్నిటిని వెదకి తూచుటయే క్రమబద్ధ సమీక్ష. దీనికి కాస్మిన్ అను బృందము 2018లో మార్గసూత్రములు వెలువరించినది. అందు తొమ్మిది గుణములు కలవు. మొదటిది, అన్నిటికంటె ముఖ్యమైనది, విషయ సమగ్రత: ప్రశ్నలు రోగికి సంబంధించినవేనా, ముఖ్యమైనదేదైన విడిచినవా, అతనికి అర్థమగుచున్నవా? తరువాత నిలుకడ: రోగి స్థితి మారనపుడు రెండుసార్లు అడిగినను దాదాపు అదే జవాబు రావలెను; సంబంధ గుణకము 0.70కి తగ్గరాదు. స్థితి మారినపుడు అంకెయు మారవలెను.

ఇచట విద్యార్థులు పొరబడుచోటు ఒకటున్నది. ఫలితము బాగుండుట వేరు, పరిశోధన బాగుండుట వేరు. పదిమందిని మాత్రమే అడిగి 0.90 తెచ్చినను అది బలహీన సాక్ష్యమే. పరిశోధనను తూచునపుడు సగటు తీయరు. అన్నిటికంటె తక్కువ వచ్చిన అంశమే తీర్పు. గణితములో తప్పిన విద్యార్థిని తెలుగు మార్కులు గట్టెక్కించవు గదా!

ఇంకొక చిక్కు. పనికి అనర్హుడని వైద్యులు తేల్చిన కార్మికుని వారసునికి ఉద్యోగమిచ్చు పద్ధతి సింగరేణిలో కలదు. అట్టి పరీక్షలో ఇచ్చు జవాబును, పేరు లేని సర్వేలో ఇచ్చు జవాబును ఒకటిగా ఎంచరాదు. సర్వేకై పరీక్షించిన ప్రశ్నావళిని అక్కడ వాడదలచినచో, అక్కడ దానిని మరల పరీక్షింపవలసినదే.