పెట్టె కొఱకు వెదకి చరిత్రను కనుట

దాగుడుమూతలాట యెఱుగని బాలబాలికలు లేరు. మనుష్యులకు బదులొక పెట్టెను దాచి, దాని నితరులు వెదకునట్లు చేయు వినోదము నేడు పెక్కు దేశములందు వ్యాపించియున్నది. దీనికి జియోకాషింగ్ అని పేరు. కృత్రిమోపగ్రహముల సంకేతములను గ్రహించి, మనమున్న తావు యొక్క అక్షాంశ రేఖాంశములను దెలుపు సాధనము దీనికి ముఖ్యము. ఆ సంకేతములందు బుద్ధిపూర్వకముగా కల్పించిన లోపమును అమెరికా ప్రభుత్వము 2000 మే నెలలో తొలగించెను. కొలది దినములలోనే ఆ దేశపు ఒరెగాన్ రాష్ట్రమున తొలి పెట్టె దాచబడెను. పెట్టెను కనుగొన్నవారు అందలి పుస్తకమున పేరు వ్రాసి, దానిని యథాస్థానమున నుంచవలెను.

ప్రాచీనమైన చర్చిలకడ ఈ యాట తీరు మాఱును. సమాధులను కదల్చుట తగదు. కావున పెట్టెను వెలుపల దాచి, శిలాఫలకములపై నున్న సంవత్సరముల అంకెలను కూడియో, తీసివేసియో ఆ తావును గుర్తించునట్లు చిక్కుప్రశ్నను కూర్చుట కలదు. అందుచే వెదకువాడు ప్రతి రాతిని శ్రద్ధతో చదువవలసివచ్చును.

స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలోని గ్రేఫ్రయర్స్ చర్చి ఇట్లు చదువదగిన స్థలము. ఈ పేరునకు బూడిదవన్నె వస్త్రములు ధరించు సన్యాసులని యర్థము. వారి మఠమున్న తావును మేరీ రాణి 1562లో శ్మశానమునకై యొసగెను. 1620లో చర్చి తెఱువబడెను. మతవిషయములందు రాజు జోక్యమును ప్రతిఘటించుచు 1638 ఫిబ్రవరి 28వ తేదీన ఇచ్చటనే నేషనల్ కవనెంట్ అను ప్రతిజ్ఞాపత్రముపై సంతకములు చేయబడెను. 1679లో బాత్‌వెల్ బ్రిగ్ యుద్ధమున ఓడిన ఆ పక్షమువారిని వందలకొలది ఈ శ్మశానము ప్రక్క మైదానమున నెలల తరబడి నిర్బంధించిరి. వారిలో పలువురు మరణించిరి.

కొన్ని సమాధులపై ఇనుప పంజరము లుండుట చూచి మనము ఆశ్చర్యపడుదుము. పూర్వము వైద్యవిద్యార్థులు శరీరనిర్మాణమును నేర్చుటకు శవములు చాలకుండెను. దొంగలు రాత్రివేళ సమాధులను త్రవ్వి శవములను అమ్మెడివారు. కావున బంధువులు ఆ పంజరముల నమర్చిరి. 1832లో శరీరశాస్త్ర చట్టము వచ్చిన పిమ్మట ఈ దొంగతనము అణగెను.

ఆధునిక భూగర్భశాస్త్రమునకు పునాది వేసిన జేమ్స్ హట్టన్ కూడ ఇచ్చటనే నిద్రించుచున్నాడు. అతడు 1797లో మరణించెను. అతని సమాధిపై 1947 వఱకు పేరైనను లేదు!

విద్యార్థులారా! పెట్టెలో దొరకు వస్తువు స్వల్పమైనది. దానికై వెదకుచు రాతినుండి రాతికి నడచినవానికి లభించు జ్ఞానము గొప్పది. ప్రాచీనస్థలములకు పోయినప్పుడు రాళ్లపై పేర్లు చెక్కక, వానిపై నున్న పేర్లను చదువుడు.