ఎగ్జిమా: స్వభావం, రకాలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- ఎగ్జిమాను నిర్వచించగలుగుతారు.
- ఎగ్జిమాకు, తామరకు, గజ్జికి మధ్య భేదాలను చెప్పగలుగుతారు.
- ఎగ్జిమాలోని ముఖ్య రకాలను, వాటి కారణాలను వివరించగలుగుతారు.
- చర్మ సంరక్షణ నియమాలను పేర్కొనగలుగుతారు.

1. పరిచయం

చర్మం మీద దురద పుట్టి మచ్చ కనిపిస్తే మనం వెంటనే ‘తామర’ అంటాం. మందుల దుకాణంలో ఒక ట్యూబు అడిగి తెచ్చుకుంటాం. రాసిన రెండు మూడు రోజులకు దురద తగ్గుతుంది. మానగానే మళ్లీ వస్తుంది, కొన్నిసార్లు ముందుకన్నా ఎక్కువగా. ఇది మీలో కొందరికి అనుభవమే కావచ్చు.

ఈ చిక్కు కొంతవరకు పేరులోనే ఉంది. తామర అనే మాటను వాడుకలో రెండు వేర్వేరు వ్యాధులకు వాడుతున్నాం. ఒకటి శిలీంధ్రాల వల్ల వచ్చే అంటువ్యాధి. రెండోది ఎగ్జిమా. ఇది అంటువ్యాధి కాదు. ఒకదానికి మేలుచేసే మందు రెండోదాన్ని ముదరబెట్టవచ్చు. అందువల్ల ఈ పాఠంలో తామర అన్నచోట శిలీంధ్ర వ్యాధి అనే అర్థం చేసుకోండి.

2. ఎగ్జిమా అంటే ఏమిటి?

‘పొంగిపొరలడం’ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఎగ్జిమా అనే పేరు వచ్చింది. చర్మం పై పొరలలో కలిగే, దురదతో కూడిన శోథను ఎగ్జిమా అంటారు. డెర్మటైటిస్ లేదా చర్మశోథ అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. ఇది ఒకే వ్యాధి కాదు. వేర్వేరు కారణాలకు చర్మం ఇంచుమించు ఒకే తీరున ప్రతిస్పందించడం.

తొలి దశలో చర్మం ఉబ్బి, చిన్న నీటి పొక్కులు లేచి, రసి కారుతుంది. తరవాత పొక్కులు ఎండి పొలుసులు కడతాయి. నెలల తరబడి గోకితే చర్మం మందమై, నల్లబడి, గీతలు తేలుతుంది. పాఠ్యగ్రంథాలలో ఎగ్జిమా ‘ఎర్రగా’ ఉంటుందని చదువుతారు. మన చామనఛాయ, నలుపు చర్మాల మీద అది గోధుమ రంగులోనో, ఊదా రంగులోనో, బూడిద రంగులోనో కనిపించవచ్చు. ఎరుపు లేదని ఎగ్జిమా కాదనుకోవద్దు.

3. చర్మం ఒక గోడ

చర్మం పై పొరను ఇటుక గోడతో పోల్చవచ్చు. కణాలు ఇటుకలు, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు అతుకు. గోడ బాగుంటే లోపలి తేమ బయటికి పోదు, బయటి రసాయనాలు లోపలికి రావు. అతుకు పలచబడితే చర్మం పొడిబారుతుంది, చికాకు కలిగించే పదార్థాలు చొరబడతాయి, రోగనిరోధక వ్యవస్థ స్పందిస్తుంది. దురద పుడుతుంది. గోకితే గోడ ఇంకా పగులుతుంది, దురద ఇంకా పెరుగుతుంది. దీనినే దురద–గోకుడు చక్రం అంటారు.

4. ముఖ్య రకాలు

అటోపిక్ ఎగ్జిమా: ఎక్కువగా పసితనంలో మొదలవుతుంది. చంటిపిల్లలకు బుగ్గల మీద, పెద్ద పిల్లలకు మోచేతి, మోకాలి మడతలలో వస్తుంది. కుటుంబంలో ఉబ్బసం, తరచు తుమ్ములు ఉన్నవారు ఉండవచ్చు. చర్మపు గోడకు అవసరమైన ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులోని లోపాలకు దీనితో సంబంధం ఉందని 2006లో తేలింది.

స్పర్శ ఎగ్జిమా: చర్మానికి తగిలిన పదార్థం వల్ల వస్తుంది. ఇందులో రెండు విధాలున్నాయి. సబ్బు నీళ్లలో రోజంతా చేతులు నానేవారికి వచ్చేది చికాకు వల్ల కలిగేది. ఇది తగినంత కాలం తగిలితే ఎవరికైనా రావచ్చు. అలర్జీ వల్ల కలిగేది ఆ పదార్థం పడనివారికే వస్తుంది. గిల్టు నగలలోని నికెల్, సిమెంటులోని క్రోమేటు, తలకు వేసే రంగు, బొట్టుబిళ్ల జిగురు ఇందుకు ఉదాహరణలు. పొలం గట్లమీద పెరిగే వయ్యారిభామ మొక్క రేణువులు గాలిలో ఎగిరి ముఖం, కనురెప్పలు, మెడ మీద ఎగ్జిమా కలిగిస్తాయి. కారణాన్ని కనిపెట్టడానికి ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానించిన పదార్థాలను వీపు మీద రెండు రోజులు అంటించి ఉంచి, తీసిన తరవాత చర్మాన్ని ఒకటికి రెండుసార్లు పరిశీలిస్తారు.

సెబోరిక్ ఎగ్జిమా: తల, కనుబొమలు, ముక్కు పక్కలు, ఛాతీ మీద జిడ్డు పొలుసులుగా వస్తుంది. చర్మం మీద సహజంగా ఉండే మలసీజియా అనే ఈస్టుకు ఇందులో పాత్ర ఉంది.

ఇతర రకాలు: నాణెం ఆకారపు మచ్చలతో వచ్చేది నమ్యులర్ ఎగ్జిమా. అరచేతులలో, వేళ్ల పక్కల సగ్గుబియ్యం గింజల్లాంటి నీటి పొక్కులతో వచ్చేది పాంఫోలిక్స్. కాళ్ల సిరలలో రక్తం నిలిచిపోయేవారికి చీలమండల దగ్గర వచ్చేది స్టేసిస్ ఎగ్జిమా.

5. పొరబడే చోట్లు

తామర మచ్చ సాధారణంగా వలయంగా ఉంటుంది. అంచు చురుకుగా ఉండి నడుమ తేటపడుతుంది. అనుమానముంటే పొలుసును గీకి సూక్ష్మదర్శినిలో చూస్తారు. గజ్జిని కలిగించేది ఒక సూక్ష్మమైన పురుగు. దురద రాత్రివేళ హెచ్చుతుంది, వేళ్ల సందుల్లో పొక్కులు లేస్తాయి, తరచు ఇంట్లో పలువురికి ఉంటుంది.

దుకాణంలో అడిగి తెచ్చుకునే అనేక ట్యూబులలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. తామర మీద రాస్తే అది శోథను అణచి దురదను తగ్గిస్తుంది, కాని శిలీంధ్రం పెరగడానికి దారి ఇస్తుంది. వలయపు రూపం చెరిగిపోయి వైద్యులకు కూడా గుర్తించడం కష్టమవుతుంది. ఎక్కువ కాలం వాడితే చర్మం పలచబడి చారలు పడతాయి. ఇంతమాత్రాన స్టెరాయిడ్‌ను శత్రువుగా చూడవద్దు. ఎగ్జిమాకు అది ముఖ్యమైన మందే. రకం, మోతాదు, గడువు వైద్యులు నిర్ణయించాలి. పెద్దవారి చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత వరకు పిండిన మందు సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది.

6. సంరక్షణ

- గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానం చేసి, ఒళ్లు తడి ఆరకముందే తేమనిచ్చే క్రీము గాని పెట్రోలియం జెల్లీ గాని రాయాలి. మచ్చలు లేని రోజుల్లో కూడా దీనిని మానరాదు.
- గోళ్లు కత్తిరించుకోవాలి. నూలు బట్టలు మేలు.
- వంకాయ, గుడ్డు, పాలు ‘పడవు’ అని వైద్యుల సలహా లేకుండా పిల్లలకు మాన్పించవద్దు. పోషణ దెబ్బతింటుంది.
- చీము, జ్వరం, నొప్పితో కూడిన పొక్కులు కనిపిస్తే వెంటనే వైద్యులను కలవాలి.

చివరగా ఒక మాట. నేను పాఠం చెప్పిన ఒక తరగతిలో, చేతులకు ఎగ్జిమా ఉన్న విద్యార్థిని పక్కన ప్రయోగశాలలో ఎవరూ నిలబడేవారు కాదు. ఆమె దురద కన్నా దానికే ఎక్కువ బాధపడింది. ఎగ్జిమా తాకితే అంటదు. ఈ పాఠంలో మిగిలినవన్నీ మరచినా ఈ ఒక్క వాక్యం మీ ఇంట్లో, మీ ఊరిలో నలుగురికీ చెప్పండి.

7. సారాంశం

ఎగ్జిమా అంటువ్యాధి కాదు. అది అనేక కారణాలకు చర్మం చూపే ఒకే తీరు ప్రతిస్పందన. కారణం తెలిస్తే రకం తెలుస్తుంది, రకం తెలిస్తేనే చికిత్స సరిగా సాగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దురద–గోకుడు చక్రాన్ని వివరించండి.
2. స్పర్శ ఎగ్జిమాలోని రెండు విధాలకు మధ్య భేదం ఏమిటి?
3. తామర మీద స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గినా వ్యాధి ఎందుకు ముదురుతుంది?